తొమ్మిదింబావు

బ్రాంక్స్‌లో, రైలు కిటికీల ఎత్తున మా బడి.
ఒకప్పుడు ఒకే గేటు
నాలుగు వేలమంది పిల్లల్ని మింగేది.
ఎందర్ని తిరిగి వదిలిందో
ఎవరూ లెక్క రాసుకోలేదు.
ఇప్పుడు అంతస్తుకో బడి.
మాది నాలుగోది. మూడువందల పదకొండుమంది.
లిఫ్టు పనిచేయదు.

నేను పాఠాలు చెప్పను.
తలుపు పక్క బల్ల నాది, బల్ల మీద ఫోను నాది.
తొమ్మిదింబావుకి, రాని పిల్లల ఇళ్ళకి ఫోన్ చేస్తాను.
పిల్లలు నాకు పెట్టిన పేరూ అదే.
పెద్ద బడిలో ఈ పని మెషీన్ చేసేది:
"మీ అబ్బాయి లేదా అమ్మాయి నేడు హాజరు కాలేదు."
ఎవరూ ఎత్తేవారు కాదు.
నేనయినా ఎత్తను.

ఇక్కడ ఎత్తకపోతే మళ్ళీ చేస్తాను.
రాత్రి ఎలా గడిచిందని ఫులా భాషలో అడక్కుండా
బిడ్డ ఊసెత్తితే
జెనబూ వాళ్ళమ్మకి చిన్నతనం.
విల్ఫ్రెదో నానమ్మ ముందు మోకాలి గురించి చెబుతుంది,
తర్వాత హోండురస్‌లో వానల గురించి.
మోకాలు వినందే మనవడు దొరకడు.

నష్వాన్ ఓసారి తండ్రి గొంతు పెట్టాడు:
"మావాడికి జ్వరమండీ."
వెనకాల కొట్టు గల్లాపెట్టె టింగుమంది.
"అయ్యో, జ్వరం తగ్గాక
మీరే వచ్చి రెండో పీరియడ్‌లో కూచోండి" అన్నాను.
వచ్చాడు. నా బల్ల మీద కాఫీ పెట్టి
తల ఎత్తకుండా లోపలికి పోయాడు.

చీపుళ్ళ గదిని ఖాళీ చేసి
దాన్నే కాలేజీ గది అన్నాం.
అందులో పెనాలో గారు, రెండు కుర్చీలు.
మూడో మనిషి వస్తే తలుపు మూయలేం.
ఫారంలో 'తండ్రి వార్షికాదాయం' గడి దగ్గర
జెనబూ పెన్ను ఆగిపోయింది.
ఏ వారం అద్దెకి ఎంత తక్కువపడిందో తెలుసు ఆ పిల్లకి,
ఏడాది అనేది ఆ ఇంట్లో ఎవరూ కూడి చూడలేదు.
టాక్సీ రోడ్డు మీదే వదిలేసి నాలుగంతస్తులూ ఎక్కాడు తండ్రి,
బియ్యం సంచి నిండా రసీదులతో.
చీకటి పడేదాకా కూడారు ముగ్గురూ, తలుపు తెరిచే.
కిందికెళితే అద్దం మీద జరిమానా కాగితం.
దాన్నీ మడిచి సంచిలో వేసుకున్నాడు.

'అందరికీ కాలేజీ' అని మా గోడ మీద రాసుంది,
నీలం రంగులో, పెద్ద అక్షరాల్లో.
దాని కిందే నిలబడి నష్వాన్ అన్నాడు:
"నాకు కాలేజీ వద్దు మిస్, ఆ లిఫ్టు కావాలి.
విప్పి చూడాలి."
పెనాలో గారు చాలాసేపు మాట్లాడలేదు.
ఎంతమంది చేరారో పైవాళ్ళకి ఆవిడ లెక్క చెప్పాలి.
మర్నాడు అప్రెంటిస్ పరీక్ష తేదీ కనుక్కుంది.
లెక్కల టీచరు నిష్పత్తులకి సాయంత్రాలిచ్చింది.
వాచ్‌మన్ బెస్నిక్ పైకప్పు తాళమిచ్చి
మోటారు చూపించాడు, గ్రీజు మరక షర్టుకి ఉచితం.

షనీస్ గురించి రాయకుండా ఆపేయొచ్చు.
రాస్తున్నాను.
"ఈ నంబరు వాడుకలో లేదు."
షెల్టర్‌కి వెళ్ళాం. వేరే షెల్టర్‌కి మార్చారన్నారు.
అక్కడికీ వెళ్ళాం.
మార్చి నుంచి ఆ పిల్ల పేరు దగ్గర
నా పెన్సిలు గీత లావెక్కుతోంది.
నాలుగు వేలల్లో అయితే
తప్పిపోయిందని కూడా తెలిసేది కాదు.
అది ఓదార్పని ఎవరైనా అంటే ఊరుకోను.

మొన్న గురువారం నష్వాన్ వచ్చాడు, కంపెనీ చొక్కాతో.
మా లిఫ్టు తలుపు సందులోకి టార్చి వేసి
నాలుక చప్పరించాడు:
"ఈ పార్టు ఇప్పుడెవరూ తయారుచెయ్యరు మిస్."
నాలుగంతస్తులూ ఎక్కి వచ్చాడు, కాఫీతో.
జెనబూ మాత్రం ఫోన్ చెయ్యదు.
నర్సింగు రెండో ఏడు, నిద్ర దొరకదట.
వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడకి నేనింకా చేస్తూంటాను,
కారణం లేకుండా.

తొమ్మిదీ పద్నాలుగు.
జాబితాలో కొత్త పేరు. ఇంటి భాష సోనింకే.
నా దగ్గర ఒక్క మాటే ఉంది,
బెస్నిక్ మెకానిక్ స్నేహితుణ్ణడిగి
చీటీ మీద రాసుకున్నది.
తప్పు పలుకుతానేమో.
నీళ్ళు తాగుతాను.
అవతల రింగవుతోంది.