మూడో విజిల్

పొద్దున్నే ఇల్లు మడిచేశాం.
పక్కకి తెరిచిన గదిని లోపలికి లాక్కున్నాం.
మురుగు గొట్టం కడిగి చుట్టేశాడు ఫణీంద్ర,
నీళ్ళ పైపు, కరెంటు తీగ ఊడదీశాడు.
గ్లాసుల మధ్య నేను తువ్వాళ్ళు కుక్కాను,
చింతకాయ పచ్చడి సీసాని బూటులో నిలబెట్టాను.
మనుషులు కాలికి బలపం కట్టుకు తిరుగుతారంటారు,
మేం ఇంటి కాలికే కట్టాం.

సోమవారం ఉదయం ఏడింటికి
రాక్ స్ప్రింగ్స్ ఆస్పత్రిలో నేను డ్యూటీ ఎక్కాలి.
పదమూడు వారాలు.
ఆ తర్వాత ఇంకో ఊరు, ఇంకో పదమూడు.
ఆ "ఇంకో" దగ్గరే
రెండ్రోజులుగా మా మధ్య మాటల్లేవు.

ఒగలాల ఊరి చివర, పార్కు గేటైనా దాటకముందే
ఫోను మూలిగింది:
షయాన్ అవతల హైవే మూసేశారు,
తేలిక బళ్ళని గాలి పడదోస్తోందట.
పద్నాలుగు వేల పౌన్ల ఇల్లు మాది.
గాలి లెక్కలో తేలికే.
"రేపు" అన్నాడు ఫణీంద్ర,
నాతో కాదు, స్టీరింగుతో.

గదిని మళ్ళీ బయటికి తొయ్యలేదు,
ఈ గాలికి పైగుడ్డ చిరుగుతుందని.
అందుకని రోజంతా
ఒక మనిషి వెడల్పు దారిలో ఇద్దరం.
అతను ఫ్రిజ్ దాకా రావాలంటే
నేను పొయ్యికి అంటుకుపోవాలి.
నేను బాత్రూముకి పోవాలంటే
అతను పొట్ట లోపలికి పీల్చి గోడైపోవాలి.
అలగడానిక్కూడా కాస్త చోటుండాలి.

మూడు దాటాక పడమటి ఆకాశం
కమిలిన చర్మమైంది.
మూడో రోజు దెబ్బ, అంచుల్లో పసుపు, పచ్చ.
ఆ రంగు నాకు తెలుసు.
"ఏం లేదు, తలుపు తగిలింది" అంటూ వస్తారు
ఆ రంగుతో ఆడవాళ్ళు.

చేతులు ఊరుకోక కందిపప్పు కుక్కర్లో పెట్టాను.
మొదటి విజిల్.
ఎవరిదో మడతకుర్చీ మా కిటికీ ముందునుంచి
తాపీగా ఎగురుతూ వెళ్ళింది.
రెండో విజిల్.
మూడోది ఆగలేదు.
సాగింది, లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.
పొయ్యి కట్టేసి మూతకేసి చూస్తున్నాను.
"కుక్కర్ కాదే, ఊరు!" అన్నాడు ఫణీంద్ర.
రెండ్రోజులకి మొదటి మాట.

అక్కడ సిమెంటు గోడలంటే స్నానాల గదులవే.
అతను కాగితాల ఫైలు పట్టుకుని పరిగెత్తాడు,
నేను కుక్కర్ పట్టుకుని.
ఎందుకంటే చెప్పలేను.

లోపల, బట్టల బుట్టలో పిల్లితో వెర్నా.
చెవుల్లో సబ్బునురగ, నడుముకి తువ్వాలు,
లారీ నడిపే ఆర్లో.
దీపం పోయింది.
చీకట్లో వెర్నా అడిగింది: "ఏమిటా మంచి వాసన?"

రెండు విజిళ్ళ పప్పు, ఇంకా పలుకు.
ఉప్పు లేదు. ఆమె సంచిలో ఉప్పు బిస్కెట్లున్నాయి.
ఫోను వెలుగులో నలుగురం ముంచుకు తిన్నాం,
రేకు మీద బస్తాలకొద్దీ మేకులు కుమ్మరిస్తున్నట్టు వడగళ్ళు.
"ఈపాటికి నేను డెన్వర్లో ఉండాలి" అన్నాడు ఆర్లో.
"నేను పోయినేడే పోవాల్సింది" అంది వెర్నా.
ఎక్కడికని ఎవరం అడగలేదు.
పిల్లి ఒకసారి తుమ్మింది.

బయటికొచ్చేసరికి
ఊరికి ఉత్తరంగా ఎటో పోయిందన్నారు.
మా పైకప్పు గవాక్షం పగిలి
పరుపులో అతని వైపంతా తడి.
నీలం ప్లాస్టిక్, వెండి టేపు,
నా వైపు ఇద్దరికీ చాలుతుందా అన్న కొలత.
ఆస్పత్రికి "మంగళవారం" అని రాశాను.
ఆ తర్వాతి సంతకం సంగతి
అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మిగిలిన పప్పు మళ్ళీ పొయ్యెక్కించాను.
ఆ ఇరుకులో పక్కపక్కన నిలబడ్డాం,
ఎవరూ ఎవరికీ దారివ్వకుండా,
మూడోది రానీ అని.