కత్తెర అంటే నేను

ఇర్వై ఒకటో తారీఖు రాత్రి తొమ్మిదింటికి
తమ్ముడు అన్నం మాట అంటూ అంటూ ఆగిపోయిండు.

ఐదు వేళ్లు కూడగట్టి నోటి దాక తెచ్చిండు,
అవి నోటి ముందరే నిలబడ్డయి.
వాటి మీద గుండ్రంగ తిరుగుతున్నది చిన్న సున్న.
తిన్నవా అని అడిగిండో, తిన్న అని చెప్పిండో
ఇప్పటికీ నాకు తెల్వది.

సిరొంచల మా ఇంటికి తీగ గుంజిన దినం
నిచ్చెన దిగొచ్చిన పిలగాడు
"అన్‌లిమిటెడ్ అక్కా, ఎంతన్న వాడుకో" అన్నడు.
కాయితం మీద ఆ మాట పక్కన
బియ్యంల మెరిగె లెక్క చిన్న చుక్క ఉన్నదట.
జాకెట్లకు హుక్కులు కుట్టే కండ్లు నావి,
అయినా కండ్లబడలే.

ఇంట్ల అందరం పోలీసులమైనం.
మా ఆయన పొద్దుగాల వార్తలు,
పక్కింటి మడావి పిల్ల నర్సింగు పాఠాలు,
నేను చూసే కొత్త మెడల డిజైన్లు,
అన్నిటికీ పంచనామా.
కరెంటు మీటరైతే తిరిగేది కనబడతది,
రేషన్ బియ్యమైతే ముల్లు మీద కన్నేస్తం.
ఇది ఎవరు తూచిన్రు? తక్కెడ ఏడున్నది?

కంపెనీకి ఫోన్ చేసిన.
మరాఠీకి ఒకటి, హిందీకి రెండు, ఇంగ్లీషుకు మూడు.
ప్రాణహిత దాటితే తెలుగుకు ఒకటట,
ఇటు ఒడ్డుకు ఏ అంకె లేదు.
రెండు నొక్కి, వచ్చినంత హిందీ ఏరుకొని చెప్పిన.
"వీడియో బంద్ చేసి మామూలు కాల్ మాట్లాడుకోండి మేడం,
డేటా మిగులుతది" అన్నది ఆ పిల్ల.
మంచిగనే అన్నది.

మా రాజలింగు పుట్టినకాంచి
ఒక్క చప్పుడు వినలేదు, తల్లీ.
నాగపూర్ల డబ్బాలకు టేపు అంటిస్తడు.
వాని మాట వేళ్ల మీద, కనుబొమ్మల మీద ఉంటది.
చెవులున్నోళ్ల "బాగున్నవా"కు చిటికెడు ఖర్చు,
వాని "బాగున్నవా"కు మూటెడు.
ప్రాణహిత అంటే అరచెయ్యి ఊగుడు,
ఆకలైతే కాదు, కోపమొస్తే పొట్ట మీద పిడికిలి,
నేనంటే కత్తెర.
ఏ బడిల నేర్పిన మాటలు కావు,
చిన్నప్పుడు పెరట్ల ఇద్దరం చేసుకున్నయి.
వీటికి ఏ అంకె నొక్కాల్నో అడిగిన.
ఆగమని పాట పెట్టిన్రు.

రోజూ తొమ్మిదింటికి ఫోను మిషను చక్రానికి ఆనిచ్చి
కూసుంటున్న.
ఒకసారి భుజం వస్తది,
ఒకసారి గళ్లు గళ్లు పడ్డ మొఖం.

నిన్న వాడే ఉపాయం చేసిండు.
ఒక్కొక్క సైగ చేసి కదలకుంట పట్టుకున్నడు,
నాకందేదాక, చెయ్యి వణికేదాక.
కత్తెర.
శానసేపు కత్తెర.
తర్వాత నేనెరుగని కొత్త మాటొకటి:
రెండు వేళ్లు మణికట్టు చుట్టూ.

గాజులా? గడియారమా?
బేడీలా?

ఇంకా ఆరు రోజులున్నది ఒకటో తారీఖుకు.