రేటు లేని రోజు

సాల్తో రేవులో, పడవ టిక్కెట్ల కిటికీ పక్కన
ఒవీదియోది అలమారంత దుకాణం.
కూర్చుంటే మోకాళ్లు తలుపుకి తగిలేవి.
అవతలి ఒడ్డు కాంకోర్డియా, అర్జెంటీనా.
ఇవతల మేము, ఉరుగ్వే.
రెండు వైపులా డబ్బు పేరు పెసోయే,
కవలలిద్దరికీ ఒకే పేరు పెట్టి
తర్వాత తల పట్టుకున్నట్టు.

పొద్దున్నే మొదటి పడవ వచ్చాక
పలక మీద సుద్దతో ఒక అంకె వేసేవాడు.
అదే అంకెని నోటుబుక్కులో ఎక్కించేవాడు.
ముప్పై ఒక్క నోటుబుక్కులు.
పలక తుడిచే పనికి నేను పద్నాలుగేళ్లప్పుడు చేరాను.
సుద్దపొడి నా గోళ్లలోంచి ఆదివారం కూడా పోయేది కాదు.

వాళ్ల పెసో బలిసిన ఏడాది
కాంకోర్డియా ఆడవాళ్లు మా బజారుకొచ్చి
ఉన్ని కోట్లు మూడేసి కొని
ఒకదాని మీద ఒకటి తొడుక్కుని
ఎండలో చెమటలు కక్కుతూ పడవెక్కేవాళ్లు.
వాళ్లది చిక్కిన ఏడాది
మా ఊరు ఊరే ఖాళీ సంచులతో ఏరు దాటేది:
నూనె, పిండి, సబ్బు, పంటి వైద్యం.
మా అమ్మ దవడపన్ను ఒకటి
అవతలి ఒడ్డు రేటుకే ఊడింది.
కిరాణా కొట్టు బార్రియోస్ మాత్రం
మా పలక చూసి పళ్లు నూరేవాడు,
అంకెని మేమే కన్నట్టు.

ఒకసారి వాళ్లు నాలుగు సున్నాలు కొట్టేశారు.
రెండేళ్లకి ఇంకో మూడు. డబ్బుకి పేరే మార్చి ఆస్ట్రల్ అన్నారు.
ఏడేళ్లకి మళ్లీ నాలుగు, మళ్లీ పెసో.
మేమేం తక్కువ తినలేదు, మావీ మూడు ఎగిరిపోయాయి.
ఒవీదియో ఎర్ర సిరాతో అడ్డగీత గీసి
కింద కొత్తగా మొదలుపెట్టేవాడు.
"ఆ సున్నాలన్నీ ఎక్కడికి పోతాయి?" అని అడిగాను.
"జీతగాళ్ల కంచాల్లోకి," అన్నాడు ముక్కు చీదుతూ.

అతని చూపు మందగించాక,
పేజీలు నేను తిప్పే రోజుల్లో,
అక్కాచెల్లెళ్లిద్దరు వచ్చారు.
నీల్దా అవతలి ఒడ్డుకి కాపురానికి వెళ్లింది.
ఎతెల్వీనా ఇక్కడే కుట్టుపని.
ఎనభై నాలుగు జులైలో కుట్టుమిషన్ కోసం
అక్క చెల్లెలికిచ్చిన పదివేలు, వాళ్ల డబ్బు.
"ఏరు దాటాక తెప్ప తగలేసింది," అంది నీల్దా.
"ఏరు దాటింది నువ్వు," అంది ఎతెల్వీనా. "నేను ఒడ్డునే ఉన్నాను."

లెక్క కట్టాను.
ఏడు సున్నాలు పోగా, వాళ్ల నేటి పెసోలో వెయ్యో వంతు.
దానికి నారింజ తొక్క కూడా రాదు.
నీల్దా నవ్వలేదు.
"అయితే ఆ రోజు మీ డబ్బులో ఎంతో చూడు. దాని మీద వడ్డీ కట్టు."

పంతొమ్మిదో తారీఖు. పేజీ దొరికింది.
ఒవీదియో చేతిరాత, పెన్సిలుతో:
వరద. పడవ రాలేదు. రేటు లేదు.

"పడవ రాకపోతే డబ్బెలా వచ్చింది?" అన్నాడు ఒవీదియో
గోడ వైపు చూస్తూ.

కాసేపటికి ఎతెల్వీనా అంది,
"చేపలవాడి పడవలో తెచ్చింది.
వంతెన చుట్టూ తిరిగి బస్సులో వస్తే
సాయంత్రానికి మిషన్ ఇంకొకరికి అమ్మేస్తారని.
నోట్లు రొమ్ముల మధ్య పెట్టుకున్నా తడిశాయి.
నా పొయ్యి మీద ఆరబెట్టాం, అప్పడాల్లా ముడుచుకున్నాయి."

నీల్దా చేతిసంచి పట్టీ సర్దుకుంది.
"చేపలవాడే మూడొందలు గుంజాడు," అంది.
"రెండొందలన్నావు అప్పుడు!"
"రెండొందలు మీ డబ్బు!"
"మా డబ్బు నీ దగ్గరెక్కడిది?"

అలా అనుకుంటూనే మెట్లు దిగారు.
గొడుగు ఒకటే ఉంది, ఎవరిదో కనుక్కోలేకపోయాను.

ఆ గడిలో ఏదైనా రాయమంటావా అని అడిగాను.
ఒవీదియో వద్దన్నాడు.
పలక తుడిచాను.
నాలుగింటి పడవకి రేటు మారింది.