జిగురు

ఊరి పేరులో కొండ ఉంది, కొండపి.
నేనెక్కిన మొదటి ఎత్తు మాత్రం
ఊరి చివర పొగాకు బ్యారను.

ఆరోజు మాలకొండయ్య మామకు నడుం పట్టేసింది.
అల్లిన కర్రలు బండి మీదే వాడిపోతున్నాయి.
"దీన్నెక్కించండి, కోతిపిల్ల" అంది అమ్మ.
అనేసి పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

రెండు వాసాల మీద చెరో కాలు.
కింద నుంచి కర్ర, నా చేతిలోంచి పైకి కర్ర.
పచ్చాకు ఘాటుకి కళ్లెంట నీళ్లు.
పన్నెండేళ్లకి నాకు తెలిసింది ఒకటే:
కిందకి చూడకపోవడం ధైర్యం కాదు,
చేతిలో పని ఉండటం.

దిగి చూసుకుంటే అరచేతులనిండా నల్లటి జిగురు.
ఇసకతో తోమినా, పచ్చి టమాటాతో రుద్దినా
మూడు రోజులు అన్నం చేదు.

తర్వాతి ఏడు వేలంలో రేటు పడిపోయింది.
ఆసామి లైసెన్సు అమ్మేసుకున్నాడు.
బ్యారను పొయ్యిలో కుక్క ఈనింది.
అప్పుడొచ్చాడు ఖాజావలి సారు,
ఒంగోలు ఫైరు స్టేషన్లో రిటైరైనాయన,
గోతాం నిండా రంగురంగుల ప్లాస్టిక్ రాళ్లతో.
గోడకు బోల్టులు బిగిస్తుంటే ఊరంతా వచ్చి అడిగింది,
"పైన ఏముందని?"
ఆయన తల తిప్పకుండానే,
"కిందకి రావడానికి తాడుంది" అన్నాడు.

సుద్దపొడి ఇచ్చాడు. జారకుండా ఉండటానికంట.
నాకు నవ్వొచ్చింది.
జారకుండా ఉండటానికి మాకు జిగురుండేది.

తాడు పట్టడం అమ్మే నేర్చుకుంది,
పనిలోంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా.
"వదిలితే చస్తావా?" అని అడిగేది, నవ్వకుండా.

బెంగళూరు పోటీల్లో మైకులో
ఆదెమ్మ కాస్తా ఆడెమ్మ అయింది.
తొమ్మిదో పట్టు దగ్గర వేళ్లు విడిపోయాయి.
గాల్లో తిరుగుతూ వాసన చూశాను ఆ గోడని.
ఏమీ లేదు. కొత్త పెయింటు.
పదకొండో స్థానం, ఒక టీషర్టు.

రేషను కొట్లో మిషను అమ్మ వేలు ఒప్పుకోదు.
గ్రేడింగులో ఆకు విడదీసి విడదీసి గీతలరిగిపోయాయి.
ఎప్పుడూ నా వేలే పెట్టి బియ్యం తెచ్చేవాళ్లం.
ఈ నెల నాదీ పడలేదు.
డీలరు మిషను తుడిచి, తట్టి, మళ్లీ తుడిచి
"మీ ఇంట్లో వేళ్లకేం తెగులే?" అన్నాడు.

అమ్మ నా చెయ్యి లాక్కుని వెలుతుర్లో పెట్టింది.
వెనకాల వరస గొణుగుతున్నా
చాలాసేపు చూసింది.
"చిటికెనేలు పెట్టవే,
దాంతో ఇంకా ఎక్కలేదుగా" అంది.