మూడో మర

ముప్పై నాలుగు డిగ్రీలు.
ముందు మైనస్ ఉందని ఇక్కడ ఎవరూ నోరు తెరిచి చెప్పరు,
నోరు తెరిస్తే పళ్ళు జివ్వుమంటాయి.

ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన కొండవాలు,
గుడారాల మధ్య చెక్కల దడి,
దడి లోపల జపాన్‌లో సగం వయసు గడిపి వచ్చిన ప్రియస్ కారు.
దాని ఎడమ తలుపులోంచి
రెండు ఉన్ని బూట్లు బయటికి పొడుచుకొచ్చాయి.
అవి ఇచిన్‌ఖోర్లోవి.
మిగతా ఇచిన్‌ఖోర్లో డ్యాష్‌బోర్డు కింద ఉంది.

మూడు రోజుల కిందట బ్లోయరు మోటారు
మొదట కీచుమంది, తర్వాత గొణిగింది,
బజారు మలుపులో మానేసింది.
నలుగురు ప్రయాణికుల ఊపిరి
అద్దం లోపలివైపు మంచై పేరుకుంటే
బ్యాంకు కార్డుతో గీకుతూ ఇల్లు చేర్చింది.
ఆ నెలలో ఆ కార్డు పనికొచ్చింది
అదొక్కసారే.

మెకానిక్ చెప్పిన ధర విని
"నాకు చేతుల్లేవా?" అంది.
ఉన్నాయి.
ఈ చలిలో అవి ఎంతసేపు తనవిగా ఉంటాయన్నదే లెక్క.

డిక్కీలో బ్యాటరీ తీగ ఊడదీసింది.
గ్లవ్‌బాక్సు రెండు బుగ్గలూ నొక్కింది.
మందు వద్దన్న పిల్లాడిలా మొండికేసి, చివరికి నోరు తెరిచి
ఉన్నదంతా కక్కేసింది:
పెట్రోలు రసీదులు, ఒంటరి చేతితొడుగు,
రాయైపోయిన పెరుగు బిళ్ళ ఒకటి.
బిళ్ళని బుగ్గన పెట్టుకుని లోపలికి దూరింది.
టప్‌మని ఒక క్లిప్పు విరిగింది.
చలికాలం ప్లాస్టిక్కుకి ముక్కు మీదే కోపం.

టార్చి పట్టుకున్నది నెర్గుయ్ తాత.
నెర్గుయ్ అంటే పేరులేనివాడు.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదట,
పిలవడానికి చావుకి పేరు దొరక్కూడదని అలా పెట్టారు.
మా భాషలో అయితే ఆయన పెంటయ్య.
ఎత్తు ఒకటే. పారింది కూడా, డెబ్భై ఆరేళ్ళు.

"ఎడమకి తిప్పు."
"ఎడమకే తిప్పుతున్నా."
"నీ ఎడమ కాదమ్మా, మర ఎడమ."

సాసరులో మరలు పట్టుకోవడం నా పని.
పక్క వాకిట్లో అద్దెకుండేవాడికి
అంతకంటే బాధ్యత అప్పగించరు.

మొదటి మర వచ్చింది. రెండోదీ.
మూడోది గోడవారగా, కంటికందని చోట.
తొడుగు తీసేసి ఉత్త వేళ్ళు పంపింది.
ఇనుము కరిచింది. ఆమె ఏదో తిట్టింది,
నాకు అర్థం చెప్పడానికి తాత ఒప్పుకోలేదు.
చివరికి మర ఊడింది, కాస్త చర్మంతో సహా,
మోటారు దభీమని ఆమె రొమ్ము మీద పడింది.

చక్రం రెక్కల మధ్య దుమ్ము, వెంట్రుకలు,
ఒక ఎండుటాకు.
పసుపుపచ్చ. నడుమ చిన్న చీలిక.
"ఇది మన చెట్టు కాదు," అన్నాడు తాత.
ఏ వీధిలో రాలిందో, సముద్రం దాటి
ఇన్నేళ్ళూ ఈ చీకట్లో తిరుగుతూనే ఉంది.
అచ్చం విసనకర్ర. పెద్ద విసనకర్ర పళ్ళలో
ఇరుక్కున్న చిన్న విసనకర్ర.

విసనకర్ర అంటే నాకు కరెంటు పోయిన మే నెల,
అమ్మమ్మ మణికట్టు, తడిపిన తాటాకు వాసన.
నిప్పుని మనుషుల దగ్గరికి తోలుకొచ్చే విసనకర్రని
ఇక్కడే చూశాను.

పాత సామాన్ల బజారులో కొన్న మోటారు బిగించింది.
ఒక మర. రెండు మరలు. చెయ్యి చాచింది.
సాసరు ఖాళీ.

నా వేళ్ళకి స్పర్శ ఎప్పుడు పోయిందో నాకు తెలీదు,
మర ఎప్పుడు జారిందో వాటికి తెలీదు.
మోకాలి లోతు మంచు తెల్లగా, అమాయకంగా చూసింది.
"ఏప్రిల్‌లో దొరుకుతుందిలే," అన్నాడు తాత.

తీగ తగిలించి మీట నొక్కగానే
జపాన్ ఆడగొంతు ఏదో మర్యాదగా చెప్పింది.
ఈ పేటలో ఆ మాట అందరికీ కంఠతా వచ్చు,
అర్థం ఒక్కరికీ తెలీదు.
తర్వాత గాలి.
మొదట చల్లగా, దుమ్ము కాలిన వాసనతో,
ఆ తర్వాత
ముగ్గురం ఆరు చేతులూ ఒక్క రంధ్రం దగ్గర పెట్టాం.

ఆకు ఇప్పుడు వేగం చూపే గాజు పలక వెనక ఉంది.
ఫ్యాను మూడు దాటి నాలుగుకి పెడితే
మోటారు గుయ్యిమంటుంది, మూడో మర లేక.
అప్పుడల్లా ఇచిన్‌ఖోర్లో
అద్దంలోంచి వెనక సీటుకేసి చూస్తుంది.
నేను కిటికీలోంచి మంచుని లెక్కపెడుతుంటాను.