వాలుగ దవడ

మా ఇంట్లో దువ్వెనలు రెండు.
ఒకటి తలకి.
రెండోది వాలుగ చేప దవడ,
గింజని వదలనని మొండికేసే పత్తిని బుజ్జగించడానికి.
పని అయ్యాక అమ్మ దాన్ని కొంగుతో తుడిచి
ఎండిన అరటిడొప్పలో ఏకుల పక్కన పడుకోబెట్టేది.

పొందూరులో మా వీధివాళ్లు
నాలుగేళ్ల అసిరిగాడు నేలమీంచి లేవడం చూడ్డానికి
పని ఆపి మరీ నిలబడేవారు.
ముందు చేతులు నేలకి, తర్వాత మోకాళ్లకి, తర్వాత తొడలకి.
తన ఒంటినే తాటిచెట్టు చేసుకుని
తానే ఎక్కేవాడు.
"కల్లుకెక్కుతున్నాడ్రా గుంటడు" అనేవారు.
నేనూ నవ్వాను. నాకు తొమ్మిదేళ్లు.
పిక్కలు మాత్రం పైల్వాను పిక్కలు.
వాటిలో ఉన్నది కండ కాదని
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చెప్పేదాకా
ప్రతి ఆదివారం అమ్మ ఆ పిక్కలకి దిష్టి తీసింది,
ఉప్పూ మిరపకాయలూ దండగ.

ఇప్పుడు నా ఉద్యోగం చీకటిగదిలో.
ఎలుక మెదడు ముక్కని ఉప్పునీళ్లలో కాసేపు బతికించి
కదురు మొన కంటే సన్నటి గాజుసూది
ఒక్క కణానికి ఆనించి
వింటాను.
ఒక కణం అంటుంది, పక్కది అందుకుంటుంది.
మధ్య సందు ఎంతంటే
వెంట్రుకని అడ్డంగా మూడువేల పాళ్లు చేస్తే
అందులో ఒక పాలు.
అటు ఒడ్డున కబురు పట్టుకునే చేతుల్ని
చెదిరిపోకుండా నిలిపే ప్రోటీను ఒకటుంది.
కండలో గోడ చిరగకుండా కాసేదీ అదే.
డిస్ట్రోఫిన్.
అది లేని ఎలుకల్లో
"ఇక చాలు, ఆగు" అనే కబురు
సగం సగమే వినిపిస్తుంది నాకు.
ఒక్కోరోజు అదీ వినిపించదు. సూది విరుగుతుంది, కణం చస్తుంది,
రాత్రి రెండింటికి మళ్లీ మొదలు.

అసిరికి ఏడో ఎక్కం ఎప్పుడూ
ఏడు నాలుగుల దగ్గర తెగేది.
కాళ్లు కదా రోగం, బుర్రకేం అని మేస్టారు.
ఏడు నాలుగులు ఎంతరా, ఎంతరా అని
నేను పలకతో కొట్టాను.
చెక్క అంచు తగిలి చెవి వెనక రక్తం.
ఇరవయ్యెనిమిది అక్కా, అన్నాడు
మర్నాడు పొద్దున్న, ఎవరూ అడక్కుండా.
పంతొమ్మిదో ఏట పోయాడు. కాళ్ల తర్వాత చేతులు,
చేతుల తర్వాత ఊపిరి.
ఆ ఎక్కం కూడా రోగంలో భాగం కావచ్చని
నాకు తెలిసింది ఆ తర్వాత పదకొండేళ్లకి.
రీడింగు కాగితం పట్టుకుని
లేబ్ మెట్లమీద కూచుండిపోయాను.

ఈ ఎండాకాలం ఇంటికి కాగితాలతో వచ్చాను.
మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా.
నల్లగా నింపిన చదరాలు మూడు:
అమ్మ తమ్ముడు గవరయ్య,
దూసి పెద్దమ్మ కొడుకు,
అసిరి.
అమ్మమ్మ సున్నాలో, పెద్దమ్మ సున్నాలో
నడుమ ఒక చుక్క.

అమ్మ రాట్నం ఆపకుండానే తొంగిచూసింది.
"ఈ సున్నా నానేనా?"
అవునన్నాను.
"నడిమిని సుక్కేటి, బొట్టా?"
చెప్పాను. పుస్తకంలో ఉన్నంత మెత్తగా కాదు,
నాకు చేతనైనంత మెత్తగా.
అమ్మ ఏకు మార్చింది.
రెండు పోగులు తెగాయి, రెండూ అతికింది.
చాలాసేపటికి,
"మరి నీ సున్నాల సుక్కెట్టనేదేటి?"
ఇంకా తెలీదమ్మా, అన్నాను.
తెలుసుకునే కవరు నా సంచిలోనే ఉంది,
అంటించినది అంటించినట్టే.

"ఆ ఎలకలకి తల్లుంటాది గదా,
దానికెవులైనా సెప్పేరా?"

నేను పెన్సిల్ కింద పెట్టాను.
అమ్మ వాలుగ దవడ నా చేతిలో పెట్టి
పత్తి ముందుకి తోసింది.
అలవాటు తప్పింది. మొదటి గింజకే
పన్ను వేలికి గుచ్చుకుంది.
చెయ్యి వెనక్కి లాక్కున్నాకే
నొప్పి తెలిసింది.