పంచనామా

స్థలం: కనిగిరి మండలం, పాలేటి ఒడ్డున పూడిక తీసిన గుంట.
చూసినవాళ్ళు: ఉపాధి కూలి మాల్యాద్రి, సైకిల్ షాపు మస్తాన్‌వలి.
రాసేది నేను, స్టేషన్ రైటర్ని.
వస్తువు ఒకటి. మగ విగ్రహం. కంచులా ఉంది.
పొగాకు వేలం కాడ కాటా పెడితే
నలభై ఒక్క కిలోలు, మట్టితో సహా.

చేతులు నాలుగు.
పై కుడిచేతిలో బుడబుక్కలవాడి డమరుకం లాంటిది.
పై ఎడమచేతిలో మంట. చెయ్యి కాలిన గుర్తుల్లేవు.
కింది కుడిచెయ్యి ఎత్తి ఉంది.
"ఆగు" అన్నట్టు, అని రాశాను మొదట.
పామూరు బస్టాండులో నేనూ అట్లాగే ఎత్తుతాను.
మాల్యాద్రి ఒప్పుకోలా.
"కాదు సార్, బయపడబాకండి అంటన్నాడు."
కొట్టేసి తిరగరాశాను.

చెవి కమ్మలు జత కుదరలేదు.
కుడివైపు మగవాళ్ళది, ఎడమవైపు ఆడవాళ్ళది.
దొంగసొత్తేమోనని రాయబోతుంటే
మస్తాన్‌వలి నవ్వాడు:
"ఇంటామెది సార్. సగం ఆమేనంటగా."

చుట్టూ ఉండాల్సిన మంటల చట్రం విరిగింది,
మూడు నాలుకలు మిగిలాయి.

కుడిపాదం కింద పొట్టి మనిషి, బోర్లా.
పేరు తెలియదు. వయసు చెప్పలేం.
తొక్కించుకుంటున్నవాడి మొహంలో నొప్పి లేదు,
తలెత్తి పైకే చూస్తున్నాడు.
ఫిర్యాదు లేదు.
పూజారిని పిలిపిస్తే, అది మరుపు, అన్నాడు.
"మరి చంపడే?"
"చంపితే కాలెక్కడ మోపుతాడయ్యా?"
ఇది కాగితం మీద పెట్టలేదు.

ఎడమకాలు నేల విడిచి లేచింది,
మోకాలి దగ్గర వంగి, అడ్డంగా.
పెన్ను ఆగింది.

మా ఊరి బోరు నీళ్ళు పళ్ళమీద గారలు గీస్తాయి,
తర్వాత ఎముకల్లోకి దిగుతాయి.
మా అమ్మ వెంగమ్మ మోకాళ్ళు
వంగిన చోటే బిగుసుకుని పన్నెండేళ్ళు.
చాప మీదనుంచి లేవాలంటే నా మెడ పట్టుకుంటుంది,
నలభై కిలోలుంటుందేమో,
ఏ కాటా మీదా పెట్టలేదు.

"కాలు వంకర" అని రాసింది కొట్టేశాను.
"వంగి ఉంది. లోపం కాదు."
నాలుగో చెయ్యి ఛాతీకి అడ్డంగా వాలి
ఆ కాలినే చూపిస్తోందని
పక్కన ఇరికించి రాశాను.

సాక్షుల సంతకం ఒకటి, వేలిముద్ర ఒకటి.
కేసు నంబరు చీటీ కట్టాలి.
మెడలో పాము, నడుముకి మట్టి, ముడి నిలవలా.
ఎత్తిన కాలికి కట్టాను.

సారా క్యాన్ల పక్కన, ఇసుక ట్రాక్టరు బ్యాటరీల మధ్య
మాల్‌ఖానాలో పెట్టి తాళమేసి
కిటికీలోంచి మళ్ళీ చూశాను.
ఫ్యాను లేదు ఆ గదిలో.
చీటీ ఊగుతోంది.